మొహమాటపడకండి, ఊగండి!

సూర్యప్రకాశం గారు ఎవరింటికి వెళ్ళినా ముందు ఇల్లు ఊపి చూస్తారు. కాఫీ ఆ తరవాతే.

చెప్పులు విప్పుతూనే గుమ్మం పక్క పిల్లరు మీద అరచెయ్యి వేస్తారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. తరవాత చంకలో గొడుగు తీసి నిలువుగా, అడ్డంగా పెట్టి కొలుస్తారు. ఆ గొడుగు విప్పి ఉండగా రాజమండ్రిలో చూసినవాళ్ళు లేరు. దాని కర్ర మీద అంగుళాల గీతలున్నాయి. వానొస్తే గీతలు చెరిగిపోతాయని గొడుగుని చొక్కాలో దాచుకుని ఆయన తడుస్తారు.

“పిల్లరు తొమ్మిదంగుళాలేనా అండి?” అని ఇంటాయన్ని పరామర్శ చేస్తున్నట్టు అడుగుతారు.

“మేస్త్రీ చాలన్నాడండి.”

“ఆయనకేం, అంటాడు. ఈ ఇంట్లో పడుకునేది మీరు కదా.”

అప్పటికి ఇంటావిడ తెచ్చిన కాఫీ చల్లారిపోతుంది. ఇంటాయన మొహం కూడా.

ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, దానవాయిపేటలో సొంతింటి ముందుగదిలోనే ఆఫీసు పెట్టుకున్నారు. కొలిచిన ఇంటిని అక్కడ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఆ సాఫ్ట్‌వేరు ఇంటిని చిన్న చిన్న ముక్కలుగా చేసేస్తుంది. ఎప్పుడో ఎక్కడో నేల నిజంగా ఊగినప్పుడు యంత్రాలు పట్టుకున్న ఊపుని తెచ్చి దాని కింద వదిలితే, ‘పక్క ముక్క ఇంత కదిలింది, మరి నువ్వెంత కదులుతావు?’ అని ఒక్కో ముక్కనీ అడుగుతూ పోతుంది. ఇల్లు నిలబడేదీ పడేదీ అక్కడ తేలిపోతుంది. నిజం ఇంటి మీద పెచ్చు కూడా ఊడదు. కానీ ఇంటివాళ్ళ ప్రాణం మాత్రం ఊడినంత పనవుతుంది.

ఈ పాత భూకంపాలంటే ఆయనకి మర్యాద ఎక్కువ. “ఒంగోలు గారు టిఫిను లాంటివారండి. జపాను కోబే గారు భోజనం. గుజరాతు భుజ్ గారు పెళ్ళిభోజనం,” అంటారు. వడ్డన కూడా గోదారి వడ్డనే, వద్దన్నకొద్దీ వేస్తారు. తెర మీద మేడ అటూ ఇటూ ఊగుతుంటే ముందుకి వంగి, “మొహమాటపడకండి. ఇంకొంచెం వేయించుకోండి,” అని మేడని బతిమాలతారు.

ఇందులో ఒక కిటుకు ఉంది. నిజంగా మేడ కదిలేది బెత్తెడు కూడా ఉండదు, తెర మీద కంటికి ఆనదు. అందుకని సాఫ్ట్‌వేరు ఆ కదలికని ఎన్నో రెట్లు పెంచి చూపిస్తుంది. ఎన్ని రెట్లో కింద కుడిమూల చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తుంది. చూసేవాళ్ళు గుండె పట్టుకుంటారు గాని ఆ మూల చదవరు.

గృహప్రవేశాలకి అందరూ గోడ గడియారాలు పట్టుకెళితే ఆయన లాప్‌టాప్ పట్టుకెళ్ళేవారు. ఓసారి తణుకులో గణేష్‌బాబు అనే ఆయన కొత్త కల్యాణమండపం తెరిచాడు. పంక్తి మధ్యలో, పులుసు వడ్డిస్తున్న సమయానికి, సూర్యప్రకాశం గారు లాప్‌టాప్ తెరిచి ఆ మండపం బొమ్మే పెట్టారు. మండపం యానాం వెళ్ళి తాగొచ్చినవాడిలా ఊగుతోంది. సగం పంక్తి విస్తళ్ళు ఎత్తుకుని బయటికి పోయి కొబ్బరిచెట్ల నీడన కూర్చుని తిన్నారు.

గణేష్‌బాబు రెండు చేతులూ జోడించాడు. “మాస్టారూ, శుభమా అని పిలిస్తే ఇదేంటండి!”

“పిల్లర్లక్కూడా శుభం జరగాలి కదండీ,” అన్నారు ఆయన, పెరుగు కలుపుకుంటూ.

ఆ దెబ్బతో పిలుపులు ఆగిపోయాయి. వీధంతా శుభలేఖలు పంచుకుంటూ వచ్చినవాళ్ళు ఆయన గేటు దగ్గర ఫోనొచ్చినట్టు నటించి దాటిపోయేవారు. ఆయన భార్య మాణిక్యాంబ గారిని మాత్రం పెరటివైపు నుంచి వచ్చి బొట్టు పెట్టి పిలిచేవారు. “మీరొక్కరే రండి పిన్నిగారూ,” అని గొంతు తగ్గించి మరీ.

తబిత ఆయన ఆఫీసులో ఉద్యోగానికి చేరిన రోజునే మాణిక్యాంబ గారు చరిత్రంతా చెప్పేశారు.

“మా పెళ్ళిలోనే నాకు తెలియాల్సిందమ్మడూ. పీటల మీద కూర్చోబోతూ పందిరి గుంజ పట్టుకుని ఊపారు. పడింది.”

“ఎవరి మీద ఆంటీ?”

“సన్నాయివాళ్ళ మీద. వాళ్ళు పెట్టిన గోల విని, గట్టిమేళం కాబోలనుకుని అందరూ అక్షింతలు వేసేశారు.”

తబితది అంబాజీపేట అవతల, మురుగుకాలవ పక్కనున్న పేట. తల్లి ఏసమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళి కూతుర్ని ఇంజనీరుని చేసింది. అలా చదువుకున్న పిల్ల కాబట్టి ఏ అంకె వేసినా రెండుసార్లు చూసుకునే తబిత, చేరిన కొత్తలోనే ఒక నీళ్ళ ట్యాంకుని పోగొట్టింది.

“అమ్మాయ్, ట్యాంకేదీ?” అన్నారు సూర్యప్రకాశం గారు తెరలోకి చూస్తూ.

తబిత తెరంతా వెతికింది. ట్యాంకు లేదు. ఖాళీ నేల ఉంది. “ఇందాక ఉందండి సార్.”

“నేల ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో కదా ఉంటుంది. నువ్వు దాన్ని ఏమని చెప్పావు?”

తబిత రాసింది చూసుకుంది. మీటర్లు! జానెడు కదలాల్సిన నేల ఫర్లాంగు కదిలిపోయింది.

“అయితే ఈపాటికి యానాం దాటి సముద్రంలో పడి ఉంటుంది. పాపం, వేటకి వెళ్ళినవాళ్ళకి తగలకుండా ఉంటే చాలు,” అని ఆయన లోపలికి తిరిగి కేకేశారు. “మాణిక్యం! అమ్మాయికి కాఫీ! నా వల్ల ఇన్నేళ్ళలో కాలేదు, చేరీ చేరడంతోనే ట్యాంకుని గాల్లో ఎగరేసింది!”

తిడతారనుకున్న తబిత కాఫీ తాగుతూ ధైర్యం చేసి అడిగింది. “భూకంపాలకి గారు ఎందుకండి?”

ఆయన మౌసు మీంచి చెయ్యి తీశారు. “అంతమందిని తీసుకుపోయినవాళ్ళని నువ్వూ అని పిలిచే ధైర్యం నాకు లేదమ్మాయ్.”

ఆ మరుక్షణమే ఇంకో ఇంటిని ఊపడంలో పడిపోయారు.

ఆయనకి ఒళ్ళు మండే విషయం ఒక్కటే. సాఫ్ట్‌వేర్లో ఒక చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే కట్టడం బండరాయి మీద బిగించి ఉన్నట్టు లెక్క. పని తొందరగా అయిపోతుందని చాలామంది ఇంజనీర్లు ఆ టిక్కు తియ్యరు.

“ధవళేశ్వరం దిగాక రాయెక్కడిదమ్మాయ్? మనమంతా తాటిముంజె మీద కాపురం చేస్తున్నాం,” అని వేసవిలో ఆయన ప్రత్యక్షంగా చూపించేవారు. ముంజెని కంచంలో పెట్టి, దాని మీద అగ్గిపెట్టె నిలబెట్టి, కంచం అంచు మీద వేలితో కొట్టేవారు. కంచం వణుకు ఆగినా ముంజె వణుకు ఆగేది కాదు. అగ్గిపెట్టె పడేది. “చూశావా? ఊపు చిన్నదే. నేల దాన్ని పెద్దది చేసింది,” అనేవారు. పాఠం అయ్యాక ఆ నేలని తినేసేవారు.

ఇలా రాజమండ్రిలో మేడలన్నీ ఊగి, ఊపు తిరిగి తిరిగి ఒకరోజు తబిత వాళ్ళ పేటకే వచ్చింది.

పేటలో చర్చి పక్కన సంఘంవాళ్ళు కష్టపడి కట్టుకున్న హాలు ఒకటుంది. పెళ్ళిళ్ళకీ పంక్తులకీ పనికొస్తుందని కింద అంతా ఖాళీగా వదిలేశారు, ఉత్త పిల్లర్లే. పైన ఒక పెద్ద గది. ఆ పైగదిని అమలాపురం కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలకి హాస్టలు చెయ్యాలని సంఘం నిర్ణయం. లంకల్లోని పిల్లలు పడవ దాటి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని కాలేజీకి వెళ్ళేసరికి సగం క్లాసులు అయిపోతున్నాయి. వరదొస్తే అదీ లేదు. తబిత చిన్నాన్న కూతురు సారికకి డిగ్రీలో సీటొచ్చింది గాని, “హాస్టలుంటే కాలేజీ, లేకపోతే లేదు,” అని వాళ్ళ నాన్న తేల్చేశాడు. హాస్టలు తెరవాలంటే కట్టడం భద్రమని ఇంజనీరు సంతకం కావాలన్నారు సర్కారు ఆఫీసువాళ్ళు. కాలేజీలు తెరిచేలోపు కావాలి.

“మీ సారు ఉన్నాడు కదే! ఒక్క గీత గీయించు,” అంది ఏసమ్మ ఫోన్లో.

“ఆయన ఊరికే గియ్యడమ్మా. ముందు ఊపుతాడు.”

“ఊపుకోమను. ఏం, మన హాలు అరిగిపోద్దా?”

ఆయన వచ్చిన రోజు పేట పేటంతా హాలు దగ్గరే ఉంది. సంఘ పెద్ద సాల్మన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్ళి, “వందనాలండి,” అన్నాడు. సూర్యప్రకాశం గారు ఆయన్ని దాటుకుని వెళ్ళి పిల్లరు మీద చెయ్యి వేశారు.

“ముందు కూర్చోండి బాబూ,” అంది ఏసమ్మ, కుర్చీ కొంగుతో తుడుస్తూ. “ఆ స్తంభం ఎక్కడికీ పోదు.”

“అదే చూద్దామండి,” అన్నారాయన.

గొడుగుతో కొలుస్తుంటే పిల్లలంతా వెనకాలే తిరిగారు. ఒక పిల్లరు అడుగున తవ్వించి చూశారు. కాస్త తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. ఆయన గొడుగు తడవకుండా పైకి తీసుకుని ఆ నీళ్ళ వంక చూశారు. సారిక మాత్రం పైగదిలో కిటికీ పక్క చోటు తనదని అప్పుడే సుద్దముక్కతో గీత గీసుకుని వచ్చింది.

హాలుని కంప్యూటర్లోకి తబితే ఎక్కించింది. ఒంగోలు గారికి హాలు తట్టుకుంది. కోబే గారికి బీటలిచ్చింది. భుజ్ గారు వచ్చేసరికి కింది పిల్లర్లు మోకాళ్ళు మడిచేశాయి. పైగది పైగదిలాగే దిగొచ్చి నేల మీద కూర్చుంది. తబిత కుడిమూల చూసింది. ఎన్ని రెట్లు తగ్గించి చూసినా పడిపోయింది పడిపోయినట్టే ఉంది. ఆ గదిలో కిటికీ పక్కన సుద్దగీత కనిపించినట్టయి, ఆమె కాసేపు తెర వంక చూడలేకపోయింది.

తరవాత ఆ చిన్న గడికి టిక్కు పెట్టింది. హాలు నిలబడింది.

“సార్, ఇలా అయితే నిలబడుతోందండి,” అంది, ఆయన మొహం చూడకుండా.

“రాయి పెట్టావా?”

“అందరూ పెడుతున్నారు కదండి.”

సూర్యప్రకాశం గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “మీ పేటలో రాయుందా అమ్మాయ్?”

“తవ్వితే నీళ్ళేనండి.”

“ఊళ్ళో మెరక ఎవరిది?”

“ఊళ్ళోవాళ్ళది.”

“పల్లం?”

“మాది.”

“మరి చూడు. స్థలం ఇచ్చేటప్పుడు బురద ఇచ్చారు. లెక్కలో మాత్రం బండరాయి ఇస్తామంటున్నారు, ఉచితంగా. భూకంపం కులం అడగదమ్మాయ్, పునాది అడుగుతుంది. ఆ టిక్కు తీసెయ్యి.”

తబిత తీసేసింది. హాలు మళ్ళీ కూర్చుంది. ఆయన సంతకం పెట్టలేదు.

మర్నాడు ఏసమ్మ అరటిగెల ఒకటి ఎత్తుకుని బస్సెక్కి దానవాయిపేటలో దిగింది. గెల గుమ్మంలో పెట్టింది గాని మాట తీపిగా లేదు.

“మీరు ఊపకపోతే అది ఊగేది కాదు కదండి బాబూ! నిన్న మొన్నటిదాకా చక్కగా నిలబడింది!”

“ఇప్పుడూ నిలబడే ఉందండి, ఏసమ్మ గారూ.”

“మీ కంప్యూటర్లో పడిపోయిందంట కదా! ఊళ్ళో అన్ని మేడలున్నాయి, ఎవరింటికీ రాని ఆ గారు మా హాలుకే వచ్చారా? మా సారిక ఏ మొహం పెట్టుకుని ఇంట్లో కూర్చోవాల?”

“కింద ఖాళీలో నాలుగు మూలలా కాంక్రీటు గోడలు లేపి, పిల్లర్లకి కొత్త ఊచలు కట్టి తొడుగు వేస్తే...” అని మొదలుపెట్టారు.

“గోడలా? ఆ పైగదికి తలుపులు పెట్టడానికే తాతలు దిగొచ్చారండి మాకు,” అని ఏసమ్మ లేచింది. గుమ్మం దాటుతూ తిరిగి, “గెల మగ్గాక తినండి. ఇంకా పచ్చిదే,” అని చెప్పి వెళ్ళింది. కోపమొచ్చినా కోనసీమ మనిషి కోనసీమ మనిషే.

ఆ రోజంతా సూర్యప్రకాశం గారు ఏ ఇంటినీ ఊపలేదు. పైకప్పు వంక చూస్తూ కూర్చున్నారు. మాణిక్యాంబ గారు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్ళారు, పిల్లరుని చూసినట్టు.

ఆ వారంలోనే వెంకటరాజు వచ్చాడు. రాజమండ్రి నడిబొడ్డున కొత్త అపార్ట్‌మెంటు కట్టినవాడు ఈ వెంకటరాజే. వచ్చే ఆదివారం ప్రారంభం, ఆ రోజే ఫ్లాట్లు కొనేవాళ్ళందరూ వస్తున్నారు. చేతిలో పళ్ళబుట్ట ఉంది, నుదుటి మీద చెమట ఉంది.

“మాస్టారూ, ఆదివారం మీరు... అంటే, ఎండలు బాగా ఉన్నాయి కదండీ...”

“నాకు ఎండ పడుతుందండి. తప్పకుండా వస్తాను. లాప్‌టాప్ కూడా తెస్తాను,” అని సూర్యప్రకాశం గారు లాప్‌టాప్‌ని వెంకటరాజు వైపు తిప్పి ఏదో మీట నొక్కారు. తబితకి తెర కనబడలేదు గాని వెంకటరాజు మొహం కనబడింది. ఆ మొహం కుడికి వెళ్ళి, ఎడమకి వచ్చి, మళ్ళీ కుడికి వెళ్ళింది.

“బాబోయ్! ఆపండి మాస్టారూ! అది నా టవరేనా? రబ్బరుదా?”

“మొహమాటపడకండి, ఇంకొంచెం చూడండి. ఇప్పుడు భుజ్ గారొస్తున్నారు.”

“చాలండి, చాలండి! మీరు రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, చేసేస్తాను. ఆయ్, ఒట్టు!”

సూర్యప్రకాశం గారు లేచి, తబిత వంక ఒకసారి చూసి, వెంకటరాజుని వీధి అరుగు మీదికి తీసుకెళ్ళారు. కిటికీలోంచి వినబడింది ఒక్క ముక్కే, వెంకటరాజుది. “అంతేనా అండి? సోమవారమే పంపిస్తాను.”

ఆదివారం ఆయన వెళ్ళలేదు. ఇంట్లోనే కూర్చుని అరటిపండు తిన్నారు. ప్రారంభం బ్రహ్మాండంగా జరిగిందనీ ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయాయనీ సోమవారం పేపర్లో వచ్చింది. తబిత ఆ పేపరు పట్టుకునే ఆఫీసుకి వచ్చింది.

“నేను మానేస్తానండి.”

“ఏమైందమ్మాయ్?”

“ఆయన టవరు రబ్బరులా ఊగింది. మీరు నోరు మూసుకున్నారు. మా హాలు ఊగితే మాత్రం సంతకం పెట్టరు. రాజు గారు ఏం పంపిస్తానన్నారో నాకు తెలీదండి, తెలుసుకోవాలని కూడా లేదు. మొన్న చెప్పారే, భూకంపం కులం అడగదని. మీరూ అడగరనుకున్నాను సార్.”

మాణిక్యాంబ గారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయారు. సూర్యప్రకాశం గారు ఏదో అనబోయేలోపు తబిత ఫోను మోగింది. ఏసమ్మ. ఏసమ్మ ఫోన్లో మాట్లాడితే స్పీకరు అక్కర్లేదు, వీధికి కూడా వినబడుతుంది.

“ఒసే అమ్మాయి! మన హాలు దగ్గర లారీలు! ఊచలు, సిమెంటు, కాంక్రీటు కలిపే మిషను! పునాదులు తవ్వేస్తున్నారు, నాలుగు మూలలా గోడలంట!”

“ఎవరమ్మా?”

“వెంకటరాజు గారంట. రాజమండ్రాయన. మేస్త్రీని అడిగితే మా రాజు గారి మొక్కు అన్నాడే. ఆ గొడుగాయన ప్రారంభానికి రాకుండా ఉంటే కోనసీమలో ఒక హాలు గట్టి చేయిస్తానని మొక్కుకున్నాడంట! రాకుండా ఉండటానికి మొక్కేంటే? అదీ మన చర్చికి?”

సూర్యప్రకాశం గారు గొడుగు తీసి, దాని కర్ర మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

“చెప్పకూడదన్నారు గాని చెప్పేస్తున్నాను,” అన్నారు మాణిక్యాంబ గారు, కాఫీ తబిత చేతిలో పెట్టి. “ఈయన్ని ఎవరూ పిలవట్లేదని నువ్వూ జాలిపడ్డావు కదమ్మడూ? మొదట్లో నేనూ ఏడ్చాను. తరవాత తెలిసింది, పిలవకపోవడమే ఈయన సంపాదనని. తణుకు గణేష్‌బాబు ఇంకో మండపం కట్టాడు. ఈయన రాకుండా ఉండటానికి అక్కడి పిల్లల బడికి పిల్లర్లు వేయించాడు. పట్టిసీమ దారిలో కాన్పుల ఆసుపత్రి గోడలు? అవి ఒక రైసుమిల్లు ప్రారంభానికి వెళ్ళకుండా ఉన్నందుకు. ఈయన తిననివ్వకుండా చేసిన పెళ్ళిభోజనాలు ఒకటీ రెండూ కాదు, తినకుండా మానుకున్నవి అంతకన్నా ఎక్కువ.”

తబిత కోపం సగం దిగిపోయింది. అయినా ఇంజనీరు ఇంజనీరే. “మరి టవరు సంగతేంటండి? అది పడిపోతే? అందులోనూ మనుషులే ఉంటారు కదా!”

“అదీ ప్రశ్న!” అని సూర్యప్రకాశం గారు సంబరంగా లాప్‌టాప్ తిప్పారు. తెర మీద టవరు మళ్ళీ తాండవం చేస్తోంది. “మూల చదువు.”

తబిత వంగి చదివింది. మళ్ళీ చదివింది. “ఐదొందల రెట్లా? ఇంత పెంచితే తాజమహలు కూడా తాగినట్టే ఊగుతుంది! సార్, ఇది... ఇది అసలు కదలట్లేదు. భుజ్ గారికి కూడా నిలబడుతుంది!”

“ఎందుకు నిలబడదు? నువ్వు చేరకముందే, పునాది నాడే నేను పక్కన కూర్చుని కట్టించాను. మట్టి తీసి పరీక్ష చేయించి, రాయి టిక్కు తీసేసి. ఆ లావు పిల్లర్లు చూసి రాజు గారు అప్పుడు కూడా ఏడ్చారు.”

“మరి నిలబడుతుందని ఆయనకి చెప్పలేదా?”

“ఎన్నిసార్లో చెప్పాను. మాట గుర్తుండదు, బొమ్మ గుర్తుంటుంది. నేను అబద్ధం ఆడలేదమ్మాయ్. కింద మూల రాసే ఉంది. చదవకపోతే ఎవరి తప్పు?”

“ఇది బెదిరింపు సార్.”

“కాదు, వడ్డన. ఊళ్ళో కొన్ని పునాదులకి మరీ ఎక్కువ వడ్డించారు, కొన్ని విస్తళ్ళలో ఏమీ వెయ్యలేదు. కాస్త అటుది ఇటు సర్దుతున్నాను.”

తబిత కాఫీ తాగింది. “మానేయడం సంగతి రేపు మాట్లాడదామండి,” అంది. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు.

గోడలు లేచాయి. పిల్లర్లు లావెక్కాయి. పునాదుల్ని నలువైపులా ఒకదానితో ఒకటి కట్టేశారు. తబిత హాలుని మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించి, కింద మురుగుకాలవ పక్క మెత్తటి మట్టిని ఉన్నదున్నట్టు పెట్టి, భుజ్ గారిని పిలిచింది. సూర్యప్రకాశం గారు ఎంత బతిమాలి వడ్డించినా హాలు తొణకలేదు. ఒక మూల గోడకి చిన్న బీట వచ్చింది. “అంతమాత్రం ఉండాలి, మర్యాదకి,” అని ఆయన సంతకం పెట్టేశారు.

కాలేజీలు తెరిచే ముందు ఆదివారం హాస్టలు ప్రారంభ ప్రార్థన. అచ్చేయించిన ఆహ్వానంలో పాస్టరు గారి పేరు కింద ‘శ్రీ సూర్యప్రకాశం గారు, మాణిక్యాంబ గారు’ అని ఉంది. సాల్మన్ స్వయంగా వచ్చి, పెరటివైపు నుంచి కాకుండా వీధి గుమ్మంలోంచే ఇచ్చి వెళ్ళాడు. ఆయన ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశారు. “లాప్‌టాప్ తేవద్దని ఎక్కడా రాయలేదే!” అన్నారు, కాస్త గొంతు బొంగురుపోయి.

తెచ్చారు. కానీ తెరవలేదు. తిన్నగా వెళ్ళి కొత్త గోడకి అరచెయ్యి ఆన్చి, పైకి చూసి కేకేశారు. “పైన ఎంతమంది ఉన్నారమ్మా?”

కిటికీ పక్క తన చోట్లోంచి సారిక తొంగిచూసింది. “అందరం ఉన్నామండి!”

“అయితే అందరూ ఒక్కసారి ఎగరండి!”

పాస్టరు గారు అప్పుడే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పైన ధన్‌మని చప్పుడైంది. సాల్మన్ కంగారుగా ఆయన చెవిలో, “ఆపమంటారా అయ్యగారూ?” అన్నాడు.

“ఎగరనివ్వు,” అన్నారు పాస్టరు గారు కళ్ళు తెరవకుండా. “ఇదీ స్తోత్రమే.”

“ఇంకొంచెం! మొహమాటపడకండమ్మా!” సూర్యప్రకాశం గారు గోడకి చెవి కూడా ఆన్చేశారు. పిల్లలు ఎగిరారు, నవ్వారు, మళ్ళీ ఎగిరారు. గోడ ఏమీ అనలేదు. ఆయన మొహం మాత్రం కొబ్బరినీళ్ళు తాగినట్టు చల్లబడింది.

భోజనాల దగ్గర ఏసమ్మ స్వయంగా వడ్డించింది. ఎప్పుడూ పంక్తి మధ్యలో లేచిపోయే మనుషుల్నే చూసిన ఆయనకి, ఎవరూ కదలకుండా తన పక్కనే కూర్చుని తినడం కొత్తగా ఉంది. “చాలండి, చాలు,” అంటున్నారు.

“చాలడం ఏంటండి బాబూ!” అని ఏసమ్మ ఇంకో గరిటెడు వేసింది. “మొహమాటపడకండి. భుజ్ గారికైతే ఎంతెంత వేస్తారంట?”

అంతలో ఆయన ఫోను మోగింది. వెంకటరాజు.

“మాస్టారూ, ఏమీ అనుకోకండి. వచ్చే నెల కాకినాడలో ఫంక్షను హాలు తెరుస్తున్నానండి. మీకు అంత దూరం ప్రయాణం కష్టం కదా అని...”

“అయ్యో, ఎంత మాట! కష్టమేముందండీ? మీరు పిలవకపోయినా వస్తాను,” అన్నారు సూర్యప్రకాశం గారు, ఎంతో ఆప్యాయంగా. ఫోను చేత్తో మూసి తబిత వైపు వంగారు. “అమ్మాయ్, చర్చి వెనక బడి ఒకటి కనబడింది. పిల్లర్లు సన్నగా ఉన్నట్టున్నాయి. ఎంతున్నాయో చూసిరా.”

తన గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళలో ఆ గొడుగు ఇంకొకరి చేతికివ్వడం మాణిక్యాంబ గారు చూడటం అదే మొదటిసారి.

తబిత చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి తొలకరి చినుకులు మొదలయ్యాయి. గొడుగుని చున్నీలో చుట్టి గుండెకి అదుముకుని, తను తడుస్తూ బడివైపు పరిగెత్తింది.